బిళ్ళ మీద గోటి గాటు

ప్రతి ఆదివారం పొద్దున హనుమండ్లు క్లబ్బు వెనక వరండాలో నాలుగు గుడ్డలు పరిచేవాడు. నాలుగు కుర్చీలకు నాలుగు గుడ్డలు. శనివారం సాయంత్రం పేకాటలో ఏ దొర ముందు మిగిలిన బిళ్ళలు ఆ దొర గుడ్డలోనే పడాలి. ఒకరి చేతికి చుట్ట పసరు ఉంటుంది, ఒకరికి తలనూనె, ఒకరికి వట్టి చెమట. అన్నీ ఒక్క నీళ్ళలో వేస్తే ఒకదాని జిడ్డు ఇంకోదానికి పడుతుందని అతని లెక్క. ఈ పద్ధతి అతనికి ఎవరూ నేర్పలేదు. ఎనిమిదేళ్ళుగా తనే కనిపెట్టుకుంటూ వచ్చాడు.

ఎర్రగుట్ట గని బెల్లంపల్లికి నాలుగు మైళ్ళ అవతల ఉంది. ఆ గని ఆఫీసర్ల క్లబ్బులో ఒక టేకు పెట్టె ఉంది. పాత తెల్లదొర సీమ నుంచి తెచ్చుకున్న, పేకాటలో డబ్బుకు బదులు ఒడ్డే ఆటబిళ్ళలు అందులో ఉన్నాయి. తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం. రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దవి. నడుమ గుర్రపు నాడా అచ్చు. మట్టితో చేసి గట్టిగా అదిమినవి. తెల్లదొర దేశం వదిలి పోతూ పెట్టెను క్లబ్బుకు ఇచ్చి పోయాడు. తర్వాత వచ్చిన పెద్దదొర ఒకరోజు పెట్టె తెరిచి, తెల్లపొడి రాలుతున్న బిళ్ళలు చూసి, "వీటిని చూసుకునేటోడు ఎవడన్న ఉన్నడా?" అని అడిగాడు. అప్పటికి హనుమండ్లు క్లబ్బులో చేరి రెండు నెలలైంది. గనిలో కప్పు కూలి ఎడమ కాలు నుజ్జయితే, కుంటివాడికి తేలిక పని అని క్లబ్బులో వేశారు. అతను కుమ్మరి అని గుమాస్తా చెప్పాడు. "మట్టి పని గదా, నీదే" అన్నాడు పెద్దదొర.

కుమ్మరివాడు కనకే మొదటి తప్పు చేశాడు. బిళ్ళ గీకి చూస్తే పచ్చిమట్టి. కాల్చని మట్టిని చూసి కుమ్మరి చెయ్యి ఊరుకోదు. నాలుగు తెల్లబిళ్ళలు ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో పిడకల నడుమ పెట్టాడు. అరగంటకు లక్క కాలిన వాసన కొట్టి, నల్లబడి, అప్పడాల్లా వంకర తిరిగాయి. అతని భార్య కొమురవ్వ ఆ రోజు నవ్విన నవ్వు వాడకట్టంతా విన్నది.

"ఏందయ్యా, దొరల బువ్వ కాల్చుకొచ్చినవా!"

మూడు వందల్లో నాలుగు పోయాయి. పెద్దదొర ఏమనలేదు గానీ ఆ రోజు నుంచి హనుమండ్లు ఆ మట్టిని మట్టిలా చూడటం మానేశాడు. తర్వాత నువ్వుల నూనె రాశాడు. ఎండాకాలం రాగానే బిళ్ళలు ఒకదానికొకటి అంటుకుని ముక్కిన వాసన వేశాయి, పెట్టెకు చీమలు పట్టాయి. కొబ్బరి నూనె చలికాలంలో పేరుకుంది. చివరికి గని దవాఖానలో, కడుపు బిగుసుకున్న వాళ్ళకు ఇచ్చే తెల్లటి పారాఫిన్ నూనె కుదిరింది. దానికి వాసన లేదు, ముక్కిపోదు, చీమ ముట్టదు. కంపౌండరు లింగమూర్తి నెలకొకసారి చిన్న సీసా నింపి ఇస్తూ, "ఏం హనుమండ్లూ, నీ బిళ్ళలకు ఇంకా పానం సాఫు గాలేదా?" అనేవాడు.

పని ఇలా జరిగేది. గోరువెచ్చటి నీళ్ళలో రవ్వంత సబ్బు. ఒక్కసారికి ఐదు బిళ్ళలు, అంతే. నానబెట్టకూడదు. గడ్డం గీసుకునే మెత్తటి కుంచెతో ముఖం, వీపు, అంచు తుడిచి, వెంటనే తువ్వాలు మీద నిలువుగా నీడన పెట్టాలి. ఎండలో పెడితే పగులుతుంది. ఆరాక ఉన్నిగుడ్డకు ఒక చుక్క నూనె అద్ది పది బిళ్ళలకు రుద్దాలి. నూనె ఎక్కువైతే మట్టి తాగి మెత్తబడుతుంది, తక్కువైతే తెల్లపొడి మళ్ళీ తేలుతుంది. ఒక రాత్రి అలా వదిలి, సోమవారం పొడిగుడ్డతో తుడిచి పెట్టెలో పేర్చాలి. అప్పుడు రంగు లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. చేతిలో రెండు బిళ్ళలు తాకితే గాజుల్లా గలగలమనవు. ఎండిన చింతగింజల్లా మెత్తగా టక్కుమంటాయి.

గనివాళ్ళకు 'బిళ్ళ' అంటే వేరు. వాళ్ళది ఇత్తడి బిళ్ళ, దాని మీద నంబరు. లాంపు రూంలో దీపం తీసుకుని లోపలికి దిగేవాడు తన బిళ్ళను బోర్డు మేకుకు తగిలించి పోతాడు. పైకి వచ్చాక తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ ఉందంటే మనిషి లోపల ఉన్నాడని అర్థం. పక్కింటి రాములు పంపు ఖలాసీ. రాత్రి షిఫ్టులో గని అడుగున నీళ్ళు తోడే పని. వాడు హనుమండ్లును ఏడిపించకుండా పోడు.

"పెదబాపూ, దొరల బిళ్ళలేనా? మా బిళ్ళకు జర నూనె పెట్టరాదే!"

ఒకరోజు హనుమండ్లు నిజంగానే వాడి బిళ్ళ తీసుకుని చింతపండుతో తోమి, నూనె అద్ది ఇచ్చాడు. రెండు వందల పదిహేడు నంబరు. నల్లబడ్డ బిళ్ళల నడుమ అదొక్కటే బంగారంలా మెరిసేదని లాంపు రూం గుమాస్తా కూడా నవ్వేవాడట.

పందొమ్మిది వందల యాభై ఏడు, ఆషాఢం. ముసురు పట్టి వారమైంది. ఆ ఆదివారం మూడో గుడ్డ విప్పితే, పచ్చబిళ్ళల్లో రెండింటి అంచున నెలవంకల్లాంటి గాట్లు కనిపించాయి. మూడో కుర్చీ అండర్ మేనేజర్ దేవదాస్‌ది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, తక్కువ మాటలు. హనుమండ్లు గాటు మీద తన బొటనవేలి గోరు ఆనించి చూశాడు. సరిగ్గా పట్టింది. ఆ రెండింటినీ తీసి పెట్టె అడుగున వేరే పెట్టాడు.

రెండో ఆదివారం తొమ్మిది బిళ్ళలకు గాట్లు. మూడో కుర్చీవే. మిగతా మూడు గుడ్డల్లో ఒక్కటి కూడా లేదు.

ఇంటికి వచ్చి ఒక గాటు బిళ్ళను కొమురవ్వ చేతిలో పెట్టాడు.

"పైసలు పోతే గోర్లు గిచ్చుకుంటరు, అండ్ల ఏమున్నది?" అన్నదామె.

"పోతే గదా. దేవదాస్ దొర ముంగట కుప్ప నువ్వు చూడలే. మూడు వారాల సంది గెలుస్తనే ఉన్నడు. గెలిచేటోనికి గోరు ఎందుకు దిగుతదే?"

"గయితే నీ నూనె ఎక్కువైంది."

ఆ మాట అతన్ని గుచ్చింది. మరుసటి రోజు క్లబ్బులో ఒక ఎర్రబిళ్ళ తీసుకుని గోటితో నొక్కి చూశాడు. గాటు పడలేదు. పళ్ళు బిగించి, గోరు తెల్లబడే దాకా నొక్కాడు. అప్పుడు వెంట్రుకంత గీత పడింది. పచ్చబిళ్ళ మీది గాటు గింజ నాటేంత లోతు. ఆ మనిషి ఎంత బలంగా నొక్కి ఉంటాడు! నవ్వుతూ, పేకలు పంచుతూ, బల్ల కింద ఆ బొటనవేలు ఏం చేస్తూ ఉంది?

దేవదాస్ చేతి కింద నూటయాభై మంది ఉన్నారు. అందులో హనుమండ్లు కొడుకు బాలమల్లు ఒకడు.

ఆ సాయంత్రం బాలమల్లు తింటుంటే అడిగాడు. "ఏ దిక్కు పోతున్నరు బిడ్డా ఇప్పుడు?"

"తూర్పు దిక్కు. మస్తు బొగ్గున్నది బాపూ. పాత ఇంక్లైను దిక్కు."

హనుమండ్లు చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పాత ఇంక్లైనులోనే, గనిలోకి ఏటవాలుగా దిగే ఆ సొరంగంలోనే అతని కాలు పోయింది. అది మూతపడి తొమ్మిదేళ్ళు. దాని నిండా నీళ్ళే.

మూడో ఆదివారం పదహారు బిళ్ళలు గాట్లతో వచ్చాయి. వాటిని తువ్వాలు మీద పరిచి చూస్తూ ఉండగా వరండా మెట్ల మీద బూట్ల చప్పుడయింది. దేవదాస్. రాత్రి మరిచిపోయిన గొడుగు కోసం వచ్చాడు.

హనుమండ్లు లేచి నిలబడ్డాడు. క్లబ్బులో విన్నది, చూసింది గడప దాటకూడదు. ఎనిమిదేళ్ళలో అతను ఒక్కమాట దాటించలేదు. కానీ ఇప్పుడు మాట గడప లోపలే ఉంది.

"దొరా, గీ బిళ్ళలకు గాట్లు పడుతున్నయి."

దేవదాస్ చూశాడు. ముఖంలో ఏమీ లేదు. చేతులు మాత్రం వెనక్కి పెట్టుకున్నాడు.

"నూనె ఎక్కువైందేమో."

"నూనె తప్పు లేదు దొరా. నేను చూసిన."

దేవదాస్ గొడుగు తీసుకున్నాడు. పోలేదు.

"దొరా, కోప్పడకుండ్రి. మీరు పాత ఇంక్లైను దిక్కు పోతున్నరంట."

"అయితే?"

"గోడ ఎంత మిగిలింది దొరా?"

కుంటి నౌకరు అడగవలసిన మాట కాదది. దేవదాస్ కసురుకుంటాడని హనుమండ్లు తల వంచుకున్నాడు. కానీ అతను నెమ్మదిగా అన్నాడు. "గని నక్షల మనకూ ఆ పాత నీళ్ళకూ నడుమ రెండు వందల అడుగుల బొగ్గు గోడ ఉంది. రెండు వందలుంటే ఫికర్ లేదు."

"నక్షల ఉంటది."

"అంటే?"

హనుమండ్లు కింద కూచుని తెల్లబిళ్ళలు తీసుకున్నాడు. గచ్చు మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాడు. గీతకు ఇవతల బిళ్ళలు వరుసగా పేర్చాడు. ఒక్కొక్క బిళ్ళ ఒక్కొక్క పిల్లరు, కప్పు నిలవడానికి తవ్వకుండా వదిలిన బొగ్గు దిమ్మె. నడుమ ఖాళీలు దారులు. "గిది పాత ఇంక్లైను. గీ గీత దాక నక్షల ఉంటది. పోలీస్ యాక్షన్ అయిన ఏడాది సర్వేదొర పట్నం పోయిండు, మళ్ళ రాలే. నాలుగు నెలలు కొలత లేదు, రాత లేదు. బొగ్గు మాత్రం కావాలన్నరు. మేం తవ్వుతనే ఉన్నం."

గీతకు అవతల ఒక వరుస బిళ్ళలు పెట్టాడు. ఇంకో వరుస. ఇంకో వరుస.

"గీడ కప్పు కూలింది. నా కాలు గీడనే ఉన్నది." చివరి వరుస చివరి బిళ్ళ మీద వేలు పెట్టాడు. "గంతే, మూసేసిన్రు. గీ మూడు వరుసలు ఎవ్వలూ రాసుకోలే."

"వరుసకు ఎంత?"

"అరవై అడుగులు దొరా. నడిచిన కాలు, మరిచిపోతదా."

దేవదాస్ పెదవులు కదిలాయి. మూడు అరవైలు. రెండు వందల్లోంచి తీసేస్తే ఎంత మిగులుతుందో ఇద్దరికీ తెలుసు. వరండా చూరు నుంచి వాన ధార కడుతోంది. అతను వంగి, అరచేత్తో బిళ్ళలన్నీ ఒక్క కుప్పగా ఊడ్చాడు. సుద్దగీతను బూటుతో చెరిపాడు.

"ఇది ఎవరికన్నా చెప్పినవా?"

"లేదు దొరా."

"చెప్పకు. నేను పెద్దదొరతో మాట్లాడుత."

గొడుగు విప్పకుండానే వానలోకి పోయాడు.

హనుమండ్లుకు గుండె మీది బండ దించినట్టయింది. చెప్పవలసినవాడికి చెప్పాడు. ఇక దొరలు చూసుకుంటారు. సోమ, మంగళ, బుధ గడిచాయి. పని ఆగినట్టు ఎవరూ అనలేదు. పెద్దపని కదా, మాటలు జరుగుతుంటాయనుకున్నాడు.

గురువారం బాలమల్లు వచ్చి, తడి బనీను పిండుకుంటూ అన్నాడు. "అవ్వా, మా కాడ గోడ చెమటలు పెడుతున్నదే. కొత్త కుండ లెక్క. చెయ్యి పెడితే సల్లగ."

కొమురవ్వ నవ్వింది. హనుమండ్లు నవ్వలేదు. కొత్త కుండ ఎందుకు చెమరుస్తుందో కుమ్మరికి ఎవరు చెప్పాలి? లోపల నీళ్ళుంటేనే చెమరుస్తుంది.

శనివారం సాయంత్రం మూడో కుర్చీ ఖాళీ. దొరలు కొత్త రాష్ట్రం గురించి, బదిలీల గురించి మాట్లాడుకున్నారు. సోడాలు అందిస్తున్న హనుమండ్లు చెవికి ఒక మాట పడింది. దేవదాస్ సెలవు పెట్టాడు. మంగళవారమే భార్యనూ సామాన్లనూ తీసుకుని నాగపూర్ బండెక్కాడు. తిరిగి వస్తాడో రాడో. "పాపం, ఆరోగ్యం బాగాలేదట" అన్నాడు పెద్దదొర, పేకలు కలుపుతూ. దేవదాస్ అతనితో మాట్లాడాడో లేదో ఆ ముఖంలో తెలియలేదు.

ఆదివారం కడగడానికి మూడే గుడ్డలు. ఎక్కడా ఒక్క గాటు లేదు. చేతిలో నున్నటి బిళ్ళలు పట్టుకుని హనుమండ్లు చాలాసేపు కూచున్నాడు. భయపడేవాడు ఒక్కడుండేవాడు, వాడు పోయాడు.

మధ్యాహ్నం బాలమల్లు పడుకున్నప్పుడు వాడి చొక్కా జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీశాడు. బిళ్ళ లేనిదే దీపం ఇవ్వరు. దీపం లేనిదే దిగనివ్వరు. నడుముకు చుట్టుకున్న తువ్వాల్లో కట్టుకుంటుండగా వెనక నుంచి కొడుకు గొంతు.

"బాపూ. నా బిళ్ళ ఎందుకు?"

చెప్పాడు. మొత్తం చెప్పాడు. బాలమల్లు మొదట నవ్వాడు.

"బిళ్ళలు చూసి జోస్యం చెప్పవడితివి! రేపు పెండ్లి ముహూర్తాలు గూడ చెప్తవా?"

"గోడ చెమట నువ్వే అన్నవు బిడ్డా."

నవ్వు ఆగిపోయింది. కొమురవ్వ చేటలో బియ్యం చెరగడం ఆపి చూస్తోంది.

"సరే, నువ్వన్నదే నిజమనుకుందాం" అన్నాడు బాలమల్లు. "నా బిళ్ళ దాస్తవు. నేను ఆగుత. నాతోని దిగేటోళ్ళ బిళ్ళలు ఎవ్వలు దాస్తరు?"

హనుమండ్లు తువ్వాలు ముడి విప్పి బిళ్ళను కొడుకు చేతిలో పెట్టాడు.

సోమవారం తెల్లవారి అయిదున్నరకు మొదటి షిఫ్టు మనుషులు లాంపు రూం ముందు వరుస కట్టారు. సన్నగా తుంపర. కుంటుకుంటూ వచ్చిన హనుమండ్లు చంకలో టేకు పెట్టె ఉంది. క్లబ్బు పెట్టె గడప దాటడం అదే మొదటిసారి. కిటికీ కింది చెక్క మీద దాన్ని తెరిచి బిళ్ళలు పేర్చడం మొదలుపెట్టాడు.

"ఏయ్, గిది క్లబ్బా?" అని గుమాస్తా అరిచాడు. వెనక నుంచి ఎవడో, "పెదబాపు మనకు పేకాట నేర్పుతడట్రా!" అన్నాడు. నవ్వులు.

హనుమండ్లు తల ఎత్తలేదు. గీత దాకా వరుసలు పేర్చాడు. గీత దాటి మూడు వరుసలు. తర్వాత చెప్పాడు. గొంతు చిన్నది కనక వినడానికి ముందుకు వంగారు. వంగినవాళ్ళు నవ్వడం మానేశారు.

వరుస చివర నుంచి ముసలి ముత్తయ్య ముందుకు వచ్చాడు. తట్ట మోసే పనిలో తలవెంట్రుకలు రాలిపోయిన మనిషి. బిళ్ళల వంక చూసి, మూడో వరుసలో ఒకటి కొంచెం పక్కకు జరిపాడు.

"గిది గిట్లుండె" అన్నాడు. "నేను గూడ తవ్విన."

ఆ తర్వాత ఎవరూ కిటికీలో బిళ్ళ పెట్టలేదు. ఒకరి వెనక ఒకరు పలుగులు, తట్టలు కింద పెట్టి ఇంక్లైను మూతి ముందు గొంతుక్కూచున్నారు. షిఫ్టు మీద పెత్తనం చేసే ఓవర్‌మన్ బతిమాలాడు, తిట్టాడు. పెద్దదొరకు కబురు పోయింది.

ఆయన వచ్చి ముందు పెట్టెను చూశాడు. "క్లబ్బు సొమ్ము బజార్ల పెట్టినవా?"

"అవును దొరా."

"ఇగ నీకు పని లేదు. పో."

"పోత దొరా. ఒక్కసారి దిగి చూడుండ్రి. గోడ మీద చెయ్యి పెట్టి చూడుండ్రి."

పెద్దదొర కూచున్న మనుషుల్ని చూశాడు. ఎవరూ లేవలేదు. ఓవర్‌మన్‌ను వెంటబెట్టుకుని దీపం పట్టుకుని దిగాడు. మెట్ల మీద అతని బూట్లకు తుంపర చుక్కలే తప్ప తడి లేదు. హనుమండ్లు అది చూశాడు.

అరగంటయింది. తుంపర ఆగింది. ఇంక్లైను మూతి నుంచి చల్లగాలి తగిలింది. అందులో పాత బావి వాసన. ముత్తయ్య ముక్కు ఎగబీల్చి లేచి నిలబడ్డాడు.

దొర, ఓవర్‌మన్ పైకి వచ్చారు. వేగంగా నడవాలని చూస్తూ, నడవలేక వచ్చారు. దొర బూట్లు మోకాళ్ళ దాకా తడిసి కారుతున్నాయి. ఎవరి వైపూ చూడకుండా గుమాస్తాతో, "పంపు వాళ్ళను పైకి రమ్మను. తొందరగా" అన్నాడు.

కింది గంటకు కట్టిన తాడు లాగారు. కింద గంట మోగిన చప్పుడు పైకి సన్నగా వినిపించింది. మళ్ళీ లాగారు. చాలాసేపటికి రాత్రి షిఫ్టు సాంబయ్య వచ్చాడు. నడుము దాకా నల్లటి నీళ్ళు కారుతున్నాయి, దీపం ఆరిపోయి ఉంది. వచ్చి బురదలో కూలబడ్డాడు.

"రాములు ఏడి?" అన్నాడు బాలమల్లు.

"నా వెనకనే ఉన్నడు" అన్నాడు సాంబయ్య. వెనక్కి తిరిగి చూశాడు. "నా వెనకనే అచ్చిండు."

అందరూ మూతి వైపు చూస్తున్నారు. లోపలి నుంచి ఇప్పుడు గాలితో పాటు ఒక చప్పుడు వస్తోంది. దూరంగా బండి పోతున్నట్టు, ఆగకుండా. హనుమండ్లు చేతిలో ఒక తెల్లబిళ్ళ మిగిలి ఉంది. నొప్పి పుట్టి చూసుకుంటే గోరు మట్టిలో దిగి ఉంది.

సాంబయ్యను లేపి లాంపు రూంకు నడిపించారు. బోర్డు మీది తన బిళ్ళ తీసుకున్నాడు. ఆదివారం రాత్రి దిగేది పంపు వాళ్ళే కనక, ఇక బోర్డంతా ఖాళీ మేకులు. ఒక్కటి తప్ప. తోమి నూనె అద్దిన రెండు వందల పదిహేడు, పొద్దుటి వెలుతురులో అందరికీ కనిపించేలా మెరుస్తూ ఉంది.